గోదింగ్ మీద గెలిచినవాళ్లు

జారో సంత వెనక వీధిలో గోదోఫ్రెదో పలోమార్ సెలూన్ ఉంది. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక మా వీధిలో ఎవరికీ లేదు. పెద్దవాళ్లకు గోదింగ్, చిన్నవాళ్లకు మనోంగ్ గోదింగ్, అంటే గోదింగ్ అన్న. సెలూన్‌లో రెండు కుర్చీలు, రెండు అద్దాలు, గోడకు తగిలించిన మేరీమాత పటం, మూలన ఒక టీవీ. టీవీ కింద వీడియో గేముల కన్సోల్, రెండు జాయ్‌స్టిక్కులు. వచ్చేవాళ్లలో సగం మందికి కటింగ్ అవసరమే ఉండేది కాదు. ఆ మూల కోసం వచ్చేవాళ్లు.

అది కొట్లాట ఆట. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి ప్రాణం అయిపోయేదాకా కొట్టుకోవడమే. ముందు మూడు రౌండ్లు గెలిచినవాడిదే ఆట. గోదింగ్ ఎప్పుడూ ఒకే మనిషిని ఎంచుకునేవాడు. బుర్ర మీసాలు, బానపొట్ట ఉన్న ముసలి వస్తాదు. చూడ్డానికి నవ్వు పుట్టించే ఆ వస్తాదు గోదింగ్ చేతిలో పడితే చిరుతపులి అయ్యేవాడు.

ఆటలో గోదింగ్‌కి ఉన్న పేరు ఈ సెలూన్‌లో పుట్టింది కాదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు నది పక్క మాల్‌లో పుట్టింది. అప్పుడు ఆ ఆట నిలువెత్తు మిషన్ల మీద ఉండేది. నాణెం వేసి కూర్చోవాలి. ఓడినవాడు లేచిపోవాలి, గెలిచినవాడు కూర్చునే ఉంటాడు. గోదింగ్ మధ్యాహ్నం కూర్చుంటే మాల్ మూసేటప్పుడు కాపలావాడు వచ్చి లేపాల్సిందే. బకోలోద్ నుంచి పనిగట్టుకుని పడవెక్కి వచ్చి, ఓడిపోయి, ముఖం ముడుచుకుని సాయంత్రం పడవకే వెళ్లిపోయినవాళ్లున్నారు. అతని భార్య మెర్లి అతణ్ణి మొదట చూసిందీ అక్కడే.

"వెనక నుంచి చూసి మనసు పడ్డాను. లేచి ఇటు తిరిగేసరికి ఆలస్యమైపోయింది" అనేది మెర్లి, జనం నవ్వుతుంటే.

తర్వాత మాల్ వాళ్లు ఆ మిషన్లు తీసేసి టీ దుకాణం పెట్టారు. గోదింగ్ తన తండ్రి కత్తెర అందుకున్నాడు. చేతికి నాలుగు డబ్బులు రాగానే కన్సోల్ కొని సెలూన్‌లో పెట్టి, అందరి ముందూ ఒక మాట అన్నాడు.

"నా మీద గెలిచినవాడికి బతికున్నన్నాళ్లూ కటింగ్ ఉచితం."

ఏళ్లు గడిచినా ఆ కటింగ్ ఎవరికీ దక్కలేదు. అందరికంటే ఎక్కువ ఆశపడ్డవాడు సెన్యోంగ్. అర్సెనియో అతని అసలు పేరు. జీప్నీ నడుపుతాడు, జనాన్ని ఎక్కించుకుని ఊళ్లో తిరిగే పొడుగాటి జీపు. గోదింగ్‌తో చిన్నప్పుడు నాణేలు పంచుకుని ఆడినవాడు. మధ్యాహ్నం ప్రయాణికులు పల్చబడగానే బండి సెలూన్ ముందు ఆపి, మెర్లి చేసే బిబింగ్కా రొట్టె ఒకటి నోట్లో కుక్కుకుని, జాయ్‌స్టిక్ పట్టుకునేవాడు.

"ఒరేయ్ సెన్యోంగ్, నీ బండికి బ్రేకులున్నాయి గానీ నీ చేతులకి లేవేంట్రా?"

"నవ్వు మిగో, నవ్వు. ఊరికే కటింగ్ చేయించుకుందామని చూసీ చూసీ జుట్టే రాలిపోతోంది. ఇంకో నాలుగేళ్లకి నువ్వు గెలిచినా నేను గెలిచినా ఒకటే" అనేవాడు సెన్యోంగ్. నేస్తాన్ని మిగో అనే పిలిచేవాడు.

ఆడేవాడు, ఓడేవాడు, నెలకోసారి డబ్బిచ్చి కటింగ్ చేయించుకుని పోయేవాడు.

బిబింగ్కా ఆర్డర్లు ఫోన్లో వస్తున్నాయని మెర్లి పట్టుబట్టి ఇంటర్నెట్ లైను పెట్టించడంతో కథ మారింది. ఇప్పుడా కన్సోల్‌ని లైనుకి తగిలిస్తే ఎక్కడెక్కడి వాళ్లతోనో ఆడొచ్చని గోదింగ్‌కి తెలిసింది.

సెన్యోంగ్ ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. మనకెందుకు అది? అక్కడ ఆడేవాళ్లు వేరే రకం."

"ఏం, వాళ్లకి నాలుగు చేతులుంటాయా?"

"చేతులు కాదు. వాళ్లకింకో పని ఉండదు."

"నాకు మాత్రం ఏం పనుంది, నీ బోడితల దువ్వడం తప్ప!" అన్నాడు గోదింగ్. సెలూనంతా నవ్వింది.

మొదటి రోజు పండగలా జరిగింది. మొదటివాడు ఓడాడు, రెండోవాడు ఓడాడు. జనం చప్పట్లు కొట్టారు. గెలిచేకొద్దీ ఆ ఆటే మనల్ని ఒక్కో మెట్టు ఎక్కించి, ఆ మెట్టుమీది వాళ్లతో జత కలుపుతుంది. నాలుగు మెట్లు ఎక్కాక పుచ్చకాయ అని పేరు పెట్టుకున్నవాడెవడో తగిలాడు. వాడిది ఏ దేశమో తెలియదు. వాడి తరఫున తెర మీదికి వచ్చింది బక్కపలచని పిల్ల. మొదటి రౌండులో వస్తాదు రెండు దెబ్బలు వేయగలిగాడు. రెండో రౌండులో ఒకటి. మూడో రౌండులో ఆ పిల్ల ఒంటిమీద చెయ్యి పడలేదు. ఆట ముగిశాక పడిపోయిన వస్తాదు పక్కన నిలబడి ఆ పిల్ల చిన్న డాన్సు చేసింది.

"లైను ఆగి ఆగి వస్తోంది" అన్నాడు గోదింగ్. "చూశారుగా, నేను నొక్కింది ఒకటి, అక్కడ పడింది ఒకటి."

"అవునవును, కనిపించింది" అన్నాడు సెన్యోంగ్ అందరికంటే ముందు.

మళ్లీ ఆడాడు, మళ్లీ ఓడాడు. పుచ్చకాయ పోయాక ఇంకొకడు వచ్చాడు. వాడి చేతిలోనూ అంతే. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి నానా మాటలూ అంటే ఒక మనిషి సంచీ తగిలించుకుని వచ్చాడు. తీగ చూశాడు, పెట్టె చూశాడు, ఫోన్లో ఏవో అంకెలు చూశాడు.

"లైను గుర్రంలా పరిగెడుతోంది మనోంగ్."

"మరి నేనెందుకు ఓడిపోతున్నాను?"

ఆ మనిషి టీవీ వంక చూశాడు, మెర్లి వంక చూశాడు, సంచీ సర్దుకున్నాడు. "అది మా కంపెనీ బాగుచేసేది కాదండి."

జనం పగలబడి నవ్వారు. గోదింగ్ కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

లైను బాగుందని తేలాక జాయ్‌స్టిక్ మార్చాడు. తర్వాత టీవీ మార్చాడు. ఓడిన ప్రతిసారీ ఓడించినవాడు మోసగాడే. బటన్లు వాటంతటవే నొక్కుకునే యంత్రమేదో పెట్టుకుంటారని ఎవరో చెబితే అదే పట్టుకున్నాడు. "మనుషులైతే కదా నేను ఆడేది!" అని కస్టమర్ల తలల మీదుగా అరిచేవాడు. ఒకసారి పోస్టాఫీసులో రిటైరైన పెద్దాయన కుర్చీలో ఉండగా టీవీలో పిలుపు మోత వినపడింది, ఎవరో ఆటకి దొరికారని. గోదింగ్ తల తిప్పాడు. కత్తెర పెద్దాయన చెవి అంచుకి తగిలింది. ఆయన చెవికి దూది అదిమి పట్టుకుని, సగం కటింగ్‌తో లేచి వెళ్లిపోయి, మళ్లీ రాలేదు.

"ఆట కోసం మనిషి చెవి కోస్తావా పంగ్గా?" అంది మెర్లి. ప్రేమగా పిలిచే ఆ మాట ఆమె నోట అప్పుడు తిట్టులా వినిపించింది.

"చిన్న గీత. నువ్వు పెద్దది చేయకు."

"పోనీ కొన్నాళ్లు ఆ ఆన్‌లైన్ ఆపెయ్. ఇక్కడున్న నీ వాళ్లతో ఆడుకో. నువ్వు సంతోషంగా ఉండేవాడివి."

"వాడెవడో నా ముందు డాన్సు చేస్తే, వీళ్ల మీద గెలిచి సంతోషపడమంటావా?"

మేరీమాతకి చేసే కాండెలారియా తిరునాళ్లు దగ్గరపడ్డాయి. జారో అంతా కోడిపందేల గోల, దీపాల తోరణాలు. ఆ సందట్లోనే మాల్‌లో ఈ ఆటకి పోటీ పెట్టారు. ఎదురెదురుగా, ఒకే గదిలో, లైను లేకుండా. గోదింగ్ ముఖం వెలిగింది. "మనిషి ఎదురుగా కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది, ఎవడెంతో" అన్నాడు. మా వీధివాళ్లం సెన్యోంగ్ జీప్నీలో కిక్కిరిసి వెళ్లాం. మెర్లి బిబింగ్కాలు కట్టి తెచ్చింది, గెలిచాక పంచడానికి.

మొదటి ఆటలో అతనికి ఎదురుపడింది రోవెలిన్ అనే అమ్మాయి. ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఆకుపచ్చ యూనిఫాం ఒంటి మీదే ఉంది. గోదింగ్‌ని చూడగానే లేచి నిలబడి తలవంచి పలకరించింది.

"మనోంగ్, మా మామయ్య మీ పేరు చెప్పేవాడు. పాత మిషన్ల రోజుల్లో మీ వెనక నిలబడి చూసేవాడట."

గోదింగ్ ఛాతీ విచ్చుకుంది. "భయపడకమ్మా. మెల్లిగానే ఆడతాలే."

ఆమె నవ్వి కూర్చుంది. ఆట మొదలయ్యాక నవ్వలేదు. తొందర పడలేదు, అరవలేదు. వస్తాదు ముందుకొస్తే వెనక్కి జరిగింది. వెనక్కి జరిగితే ఒక్క అడుగు వేసి ఒక్క దెబ్బ కొట్టింది. కింద పడేసింది. లేవబోతే మళ్లీ కొట్టింది. గోదింగ్ ఏం చేయబోతున్నాడో అతనికంటే ముందు ఆమెకే తెలిసిపోతున్నట్టుంది. మూడు రౌండ్లూ ఆమెవే. మా దగ్గర చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు అలాగే దిగిపోయాయి.

రోవెలిన్ మళ్లీ లేచి నిలబడి చెయ్యి కలిపింది. "మనోంగ్, ఒక్క మాట చెప్పనా? పడిపోయాక లేచేటప్పుడు మీరు ప్రతిసారీ కాలితో తంతున్నారు. ఒక్కసారి ఊరుకుని చూడండి. ఎదుటివాళ్లు తికమకపడతారు."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఆడుతున్నానమ్మా ఈ ఆట."

"అవును మనోంగ్, అందుకే తెలిసిపోతోంది."

ఆ పిల్ల వెటకారంగా అనలేదు. వెటకారమైతే గోదింగ్ తట్టుకునేవాడేమో.

అతను వెళ్లిపోదామన్నాడు గానీ మెర్లి చెయ్యి పట్టి ఆపింది. ఆ అమ్మాయి ఎంతదాకా పోతుందో చూద్దామంది. ఫైనల్ దాకా వెళ్తే ఓడినందుకు కాస్త పరువైనా దక్కుతుందని ఆమె లెక్క. రోవెలిన్ తర్వాతి ఆటలోనే ఓడిపోయింది. ఓడించినవాడు ఆ తర్వాత ఓడిపోయాడు. బిబింగ్కాలు తిరుగుప్రయాణంలో ఎవరూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం సెన్యోంగ్ ఎప్పటిలాగే వచ్చాడు. సెలూన్‌లో మేం నలుగురైదుగురం ఉన్నాం. సెన్యోంగ్ జాయ్‌స్టిక్ తీసుకుంటూ, "రా మిగో, చాలా రోజులైంది నీ చేత తన్నులు తిని" అన్నాడు.

గోదింగ్ ఆడాడు. మొదటి రౌండు గెలిచాడు. రెండో రౌండులో వస్తాదు కింద పడ్డాడు, లేస్తూ తన్నాడు, ఆ తన్ను సెన్యోంగ్ మనిషి ముఖానికి తగిలింది. ఇంకోసారి పడ్డాడు, లేస్తూ తన్నాడు, మళ్లీ తగిలింది. మా ఎవరికీ అందులో వింత కనిపించలేదు. ఏళ్ల తరబడి అలాగే జరుగుతోంది. గోదింగ్‌కి మాత్రం ఆ నర్సు మాట చెవిలో ఉంది. మూడో రౌండు మధ్యలో అతను రెండు చేతులూ జాయ్‌స్టిక్ మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తెర మీద వస్తాదు బొమ్మలా నిలబడిపోయాడు. సెన్యోంగ్ మనిషి అతని చుట్టూ తిరిగాడు. గాల్లోకి ఒక తన్ను తన్నాడు. వెనక్కి గెంతాడు. ముందుకొచ్చాడు. కొట్టలేదు.

"కొట్టు" అన్నాడు గోదింగ్.

"ఏంటి?"

"నేను చేతులు తీసేశాను. కొట్టరా."

సెన్యోంగ్ అప్పుడు గోదింగ్ ఒళ్లోకి చూశాడు. జాయ్‌స్టిక్ కింద పెట్టి లేవబోయాడు.

"చెయ్యి నొప్పిగా ఉందా మిగో? పోనీ రేపు ఆడదాం."

"కూర్చో. మొదటి నుంచి ఆడదాం. సరిగ్గా ఆడు. ఈసారి నువ్వు తగ్గి ఆడావో, మీ అమ్మ మీద ఒట్టు."

"అమ్మని ఎందుకురా మధ్యలో లాగుతావు?"

"ఆడు."

సెన్యోంగ్ ఆడాడు. అతను అలా ఆడగలడని మాలో కొందరికి తెలుసు. ఇంట్లో అతని అల్లుడి కన్సోల్ ఉంది, ఎప్పట్నుంచో ఆన్‌లైన్‌లో ఆడుతున్నాడు. అయినా కళ్లారా చూస్తుంటే కష్టంగానే ఉంది. వస్తాదు పడిన ప్రతిసారీ లేస్తూ తన్నాడు, ఆ తన్నుని సెన్యోంగ్ కళ్లు మూసుకుని కాచుకున్నట్టు కాచుకుని, తిరిగి కొట్టాడు. మూడు రౌండ్లు. చివరి దెబ్బ వేసేటప్పుడు అతను తెర వంక చూడలేదు, నేల వంక చూశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు గోదింగ్.

"వదిలెయ్యరా."

"ఎప్పట్నుంచి అని అడుగుతున్నా."

"మీ నాన్న చనిపోయిన ఏడాది నుంచి" అన్నాడు సెన్యోంగ్. "సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఆడదామన్నావు, గుర్తుందా? ఆ ఒక్కరోజుకే అనుకున్నాను. గెలిచావు, నవ్వావు. తర్వాత ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు."

గోదింగ్ మా వంక తిరిగాడు. మాలో ఒకడు పాత పత్రిక తీసి తిరగేయడం మొదలుపెట్టాడు. ఇంకొకడు మేరీమాత పటం చూస్తున్నాడు. తలుపు దగ్గర మెర్లి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది.

"నీకూ తెలుసా?"

"మనుషులొస్తున్నారు, షాపు నిండుగా ఉంటోంది, నువ్వు ఈల వేసుకుంటూ ఇంట్లోకి వస్తున్నావు" అంది మెర్లి. "ఏం చెప్పమంటావు చెప్పు?"

గోదింగ్ లేచాడు. అద్దం ముందు కుర్చీని దులిపాడు. తెల్ల గుడ్డ విదిలించి సెన్యోంగ్‌కి కుర్చీ చూపించాడు.

"కూర్చో. కటింగ్ ఉచితం."

"ఒద్దురా. మొన్ననేగా చేయించుకున్నాను..."

"మాట మాటే. కూర్చో!"

సెన్యోంగ్ కూర్చున్నాడు. గోదింగ్ అతని మెడ చుట్టూ గుడ్డ కట్టి, దువ్వెన, కత్తెర తీసుకున్నాడు. ఉన్న నాలుగు వెంట్రుకల్నీ పెళ్లికొడుక్కి చేసినంత శ్రద్ధగా కత్తిరించాడు. చెవుల వెనక నున్నగా గీశాడు, మెడ మీద గీత కొలబద్ద పెట్టినట్టు తీశాడు, పౌడరు అద్దాడు. అద్దంలో సెన్యోంగ్ కళ్లు అతని కళ్లని వెతుకుతూనే ఉన్నాయి. గోదింగ్ జుట్టు తప్ప ఇంకేమీ చూడలేదు. చివరికి గుడ్డ విప్పి నేల మీద దులిపాడు.

"ఇక రాకు."

"గోదింగ్..."

"బతికున్నన్నాళ్లూ ఉచితం అన్నాను. రమ్మని అనలేదు."

సెన్యోంగ్ జేబులోంచి డబ్బు తీయబోయి ఆగాడు. ఇస్తే తప్పు, ఇవ్వకపోతే తప్పు. వెళ్లి జీప్నీ ఎక్కాడు. చాలాసేపు బండి స్టార్టు చేసిన చప్పుడు కాలేదు.

ఆ తర్వాత మేం కూడా తగ్గిపోయాం. సెన్యోంగ్ లేకుండా ఆ మూలన కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఎవరైనా జాయ్‌స్టిక్ తీసుకుంటే గోదింగ్ వాళ్ల చేతుల్ని అనుమానంగా చూసేవాడు. తను గెలిస్తే, కావాలని ఓడావనేవాడు. ఓడితే మాట్లాడేవాడు కాదు. చివరికి రెండో జాయ్‌స్టిక్‌ని తీసి లోపల పెట్టేశాడు. కటింగ్‌కి వచ్చినవాళ్లు కటింగ్ చేయించుకుని పోయేవాళ్లు. మెర్లి బిబింగ్కాలే ఇప్పుడు ఇంటికి ఆధారం. ఆమె ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. అతనూ అడగలేదు.

వానాకాలంలో ఒకరోజు గోదింగ్ లాపాజ్ పేటకి వెళ్లి కత్తెరలు సానబెట్టించుకుని వస్తున్నాడు. ఉన్నట్టుండి కుండపోత. ముందు ఏ జీప్నీ ఆగితే అది ఎక్కి, డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాడు. తుడుచుకుని తల ఎత్తితే కళ్లెదుట ఒక మెడ. దాని మీద గీత వంకర. కుడివైపు పైకి, ఎడమవైపు కిందికి. మిషన్ తొందరగా తోసినవాడెవడో చెవి వెనక ఒక కుచ్చు అలాగే వదిలేశాడు. ఏడేళ్ల పిల్లాడు కూడా ఇంతకంటే బాగా చేస్తాడని గోదింగ్‌కి అనిపించింది. తర్వాతే అది ఎవరి మెడో తెలిసింది.

సెన్యోంగ్ అద్దంలో అతణ్ణి చూశాడు. బండి పైకప్పు మీద వాన మోత.

"బాగున్నావా మిగో?"

"ఆఁ."

"ఆడుతున్నావా?"

"ఆడుతున్నా."

సెన్యోంగ్ గేరు మార్చాడు. చాలా రోజులుగా లోపల దాచుకున్న మాట బయటికొచ్చింది.

"ఒక ఆదివారం మా ఇంటికి రారాదూ? అది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నాలుగైదు కిటుకులు. పక్కన కూర్చుని చూపిస్తాను. నీ చెయ్యి నా చెయ్యి కన్నా మంచిది. నీకు..."

"ఆపు."

"ఏంటి?"

"బండి ఆపు."

"ఇంకా జారో రాలేదురా. వాన చూశావా?"

గోదింగ్ చార్జీ డబ్బులు సెన్యోంగ్ భుజం పక్కగా చాపాడు. అన్నేళ్లలో సెన్యోంగ్ అతని దగ్గర చార్జీ తీసుకున్నది లేదు. ఆ చెయ్యి అలా గాల్లో ఉంటే, పక్కన కూర్చున్న ఎవరో ముసలమ్మ అందుకుని డ్రైవర్ చేతిలో పెట్టింది, ప్రయాణికులు ఎప్పుడూ చేసేదే కదా అని. గోదింగ్ వానలో దిగిపోయాడు. సానబెట్టిన కత్తెరల్ని చొక్కా లోపల దాచుకుని ఇంటికి నడిచాడు.

ఇప్పుడతను మధ్యాహ్నాలు సెలూన్ తలుపు సగం వేసి ఆడతాడు. పాత పేరుతో కాదు. పాత పేరుతో వెళ్తే ఆ ఆట అతణ్ణి పుచ్చకాయలాంటి వాళ్ల దగ్గరికే తీసుకుపోతుంది. కొత్త పేరు పెట్టుకుంటే ఇవాళే ఆట మొదలుపెట్టినవాళ్లతో జత కలుపుతుంది. నాలుగు మెట్లు ఎక్కగానే ఆ పేరు వదిలేసి, మళ్లీ కొత్త పేరు. ఏ బటన్ ఏం చేస్తుందో కూడా తెలియనివాళ్లు తెర మీదికి వచ్చి, గోడ వైపు నడిచి, గాల్లోకి గెంతి, వస్తాదు చేతిలో చచ్చిపోతారు. గెలిచాక వస్తాదు చేత బానపొట్ట ఊపించి డాన్సు చేయించడం గోదింగ్ నేర్చుకున్నాడు.

మొన్న ఒకడు తగిలాడు. ఎన్నిసార్లు ఓడినా మళ్లీ ఆడదామని అడుగుతూనే ఉన్నాడు. ఒంటిమీద చెయ్యి వేయనివ్వకుండా ఓడించాడు గోదింగ్. అయినా అడిగాడు. కాసేపటికి తెర మీద ఒక మాట వచ్చింది: 'మీరు చాలా బాగా ఆడుతున్నారు. నాకు నేర్పుతారా?'

మెర్లి అప్పుడే బిబింగ్కా పళ్లెంతో లోపలికి వచ్చి ఆ మాట చదివింది.

"ఎవరు?"

"ఎవరో. ఆడటం రాదు."

"మరి వాళ్లతో ఎందుకు ఆడుతున్నావు?"

గోదింగ్ తెర మీది మాట చెరిపేసి, మళ్లీ ఆడదామన్న బటన్ నొక్కాడు.